నల్లా దగ్గర తీసిన ఫోటో

వరాలా తలావ్, భివండి
జూన్ 2001

కనుకయ్య కాకకు మాలతి నమస్కారాలు.

ఇన్నేళ్ల తర్వాత నా ఉత్తరం చూసి మీకు ఆశ్చర్యంగా ఉండవచ్చు. మీ చిరునామా నిజాంపురా ఫోటో స్టూడియో రాజమౌళి ఇచ్చాడు.

మా బాపు పోయి ఏడాది దాటింది. రెండుసార్లు ఎమ్మెల్యేగా గెలిచిన మనిషి ఇంట్లో చివరికి మిగిలింది రెండు ఇనుప పెట్టెల నిండా ఫోటోలు. మొదటి గెలుపు ఊరేగింపు, కార్మికుల మోర్చాలు, అసెంబ్లీ మెట్ల మీద మంత్రులతో, పెళ్లిళ్లు, చావులు, రిబ్బన్లు కత్తిరించినవి, కొబ్బరికాయలు కొట్టినవి. ముంబైలో ఒక పరిశోధన సంస్థ వీటిని భద్రపరుస్తామని అడిగింది. చూడటానికి వచ్చిన మరాఠీ అమ్మాయి ఒకే షరతు పెట్టింది. "హనుమాండ్లు సాహెబ్ ఎవరో మాకు తెలుసు. ఆయన చుట్టూ ఉన్నవాళ్లు ఎవరో రాసివ్వండి" అంది.

నాకు అంత ఓపిక లేదు కాకా. బడి నుంచి వచ్చి పెట్టె ముందు కూర్చుంటాను, కాసేపటికి అందరి ముఖాలూ ఒకేలా కనిపిస్తాయి. రాజమౌళికి ఏ ఫోటో ఏ కెమెరాతో తీశాడో గుర్తుంది, మనుషులు గుర్తు లేరు. "కనుకయ్యను అడుగు బిడ్డా. సాహెబ్ ఎంబడి తిరిగినోడు ఆయనే" అన్నాడు.

కొన్నిటికి జిరాక్సు తీయించి, వెనక నంబర్లు వేసి పంపుతున్నాను. తెలిసిన పేర్లు రాయండి. బాపు కర్మలకు మీరు రాలేదు. దాని గురించి అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. పని ఉండి రాస్తున్నాను.

మాలతి


తంగళ్లపల్లి, సిరిసిల్ల
జులై 2001

బిడ్డ మాలతికి కనుకయ్య దీవెనలు.

నీ ఉత్తరం అందింది. జిరాక్సులు నల్లగా వచ్చాయి, నా చూపు కూడా అంతంత మాత్రమే. దీపాలిని పక్కన కూర్చోబెట్టుకుని చూశాను. దీపాలి నా బిడ్డ. భివండి విడిచినప్పుడు చంకనెత్తుకుని వచ్చిన పిల్ల, ఇప్పుడు తొమ్మిదో తరగతి చదువుతోంది.

పేర్లు వేరే కాగితం మీద రాశాను. ఊరేగింపులో సాహెబ్‌ను భుజాల మీద ఎత్తుకున్న ఇద్దరిలో కుడివైపు ఉన్నది నేను. ఎడమవైపు మల్లన్న, శాంతి నగర్‌లో బట్ట నేసే సాంచాలు నడిపేవాడు, దమ్ము రోగంతో పోయాడు. మోర్చాలో జెండా పట్టుకుని ముందు నడుస్తున్నది పోచవ్వ. నూలు కండెలు చుట్టేది. ఆమె అక్కడే ఉందనుకుంటాను. మిగిలిన వాళ్లలో బతికి ఉన్నవాళ్లు తక్కువ. రాస్తుంటే ఊరంతా తిరిగి చావు కబుర్లు చెప్తున్నట్టు అనిపించింది. మధ్యలో ఆపి లేచిపోయాను. దీపాలి మళ్లీ కూర్చోబెట్టింది.

ఇక్కడ కూడా సాంచాలు సగం ఆగిపోయాయి. నేను ఒక కార్ఖానాకు కాపలా ఉంటున్నాను. నడవని సాంచాలకు కాపలా, పెద్ద కష్టం లేదు.

ఒక మాట అడుగుతాను. ఆ పెట్టెల్లో లస్మవ్వ ఫోటో ఏమైనా ఉందేమో చూస్తావా? నా భార్య నీకు గుర్తుండే ఉంటుంది. మా దగ్గర ఆమె ఫోటో ఒక్కటీ లేదు. పెళ్లిలో తీయించలేదు, తర్వాత తీరలేదు, అంతలో ఆమే పోయింది. "అమ్మ ఎట్లుంటుండె?" అని దీపాలి అడిగితే పొడుగ్గా, చామనఛాయగా ఉండేదని చెప్తాను. చిన్నప్పటి నుంచీ అదే చెప్తున్నాను. ఇప్పుడు అది అడగడం మానేసింది. శాంతి నగర్‌లో నీళ్ల నల్లా ప్రారంభించిన రోజు లస్మవ్వ అక్కడ ఉంది. దొరికితే పంపు, లేకపోతే లేదు.

కనుకయ్య


వరాలా తలావ్, భివండి
ఆగస్టు 2001

కనుకయ్య కాకకు,

పేర్లు అందాయి. సంస్థ అమ్మాయి చూసి సంతోషపడింది. "ఇంత గుర్తున్న మనిషి ఒక్కరైనా ఉన్నారు" అంది.

లస్మవ్వ చిన్నమ్మ నాకు బాగా గుర్తు. ఇంటి నిండా కార్యకర్తలు ఉన్న రోజుల్లో అమ్మకు ఆసరాగా వచ్చేది. జొన్నరొట్టెలు చేస్తూ మా తమ్ముడు భూషణ్‌ను తప్పుల మరాఠీలో తిట్టేది. వాడు ఆ తప్పులు దిద్దుతూ ఇంకో రొట్టె తినేవాడు.

రెండు పెట్టెలూ వెతికాను. నల్లా ప్రారంభోత్సవం కవరు దొరికింది. అందులో బాపు, ఇంజనీరు, మున్సిపాలిటీ వాళ్లు, దండలు. వెనక ఆడవాళ్లు బిందెలతో వరుసగా నిలబడ్డారు కానీ ఎండ కళ్లలో పడి అందరూ కొంగులు అడ్డం పెట్టుకున్నారు. చిన్నమ్మ ఎక్కడ నిలబడిందో, ఏ చీర కట్టుకుందో రాస్తే మళ్లీ చూస్తాను.

ఇంకో సంగతి. భూషణ్ వచ్చే కార్పొరేషన్ ఎన్నికల్లో నిలబడాలనుకుంటున్నాడు. బాపు పార్టీ కాదు. ఫోటోలు ముంబైకి పోకముందే పద్మనగర్ హాలులో ప్రదర్శన పెడతాడట. కింద వాడు మనుషులను కూర్చోబెట్టుకుని మాట్లాడుతుంటాడు, పైన నేను చనిపోయిన వాళ్ల పేర్లు రాస్తుంటాను. మా తెలుగు మీడియం బడిలో ఈ ఏడు ఒకటో తరగతికి చేరినవాళ్లు ఒక బెంచీకి సరిపోతారు. పొద్దున అక్కడికి వెళ్లి సాయంత్రం ఈ పెట్టెల దగ్గరికి వస్తున్నాను. రెండుచోట్లా ఒకే వాసన.

మాలతి


తంగళ్లపల్లి
సెప్టెంబరు 2001

బిడ్డ మాలతికి,

ఆకుపచ్చ చీర, ఎర్ర అంచు. చేతిలో నీళ్లు పట్టే స్టీలు హండా. చంకలో దీపాలి ఉంది, ఏడాది పిల్ల. లస్మవ్వ వరుసలో నిలబడలేదు, అందుకే నీకు కనిపించి ఉండదు. ముందుకు వచ్చి నల్లా దగ్గర మీ బాపుతో మాట్లాడింది. అప్పుడు రాజమౌళి ఫోటో కొట్టాడు. కెమెరా వెలుగు పడటం నేను చూశాను కాబట్టి చెప్తున్నాను.

ఏం మాట్లాడిందని అడగకు. అది అయిపోయిన సంగతి.

నీకు శ్రమ అయితే వదిలెయ్యి. దీపాలికి ఈ మాట చెప్పకుండా ఉండాల్సింది. ఇప్పుడు రోజూ పోస్టుమ్యాన్ వచ్చే వేళకు గడపలో నిలబడుతోంది.

కనుకయ్య


వరాలా తలావ్, భివండి
నవంబరు 2001

కనుకయ్య కాకకు,

ఫోటో దొరికింది. ఎలా దొరికిందో కూడా రాయాలి.

రాజమౌళి దగ్గరికి వెళ్లాను. ఇప్పుడు ఆయన స్టూడియోకు పాస్‌పోర్టు ఫోటోల కోసం తప్ప ఎవరూ రారు. ఆ రోజు రీలు ఉందా అని అడిగితే తల వంచుకుని కెమెరా తుడవడం మొదలుపెట్టాడు. "ఉండె బిడ్డా. భూషణ్ వచ్చి కొంటపోయిండు. అండ్ల ఒక ఫోటో సాహెబ్‌కు మంచిగ లేదన్నడు" అన్నాడు.

ఇంటికి వచ్చి భూషణ్‌ను అడిగాను.

"అక్కా, పురే ఆతా," ఇక చాలన్నట్టు విసుగ్గా అన్నాడు. "ఎలక్షన్ ముంగట గది ఎవలకు కావాలె? ఒక ఆడామె బాపును గల్లీల నిలవెట్టి తిడుతున్నది. గా ఫోటో హాల్‌ల పెడుతమా?"

"హాల్‌ల పెట్టకు. నాకియ్యి."

"నీకిస్తే నువ్వు ముంబైకి పంపుతవ్. నాకెర్కలేదా?"

"ఆమెదింకొక ఫోటో లేదు భూషణ్. ఆమె బిడ్డకు తల్లి మొకం తెల్వది."

వాడు లోపలికి వెళ్లి ఒక కవరు తెచ్చి బల్ల మీద పెట్టాడు. "రీలు నా దగ్గర్నే ఉంటది. గీ ఒక్కటి గా ముసలాయనకు పంపు. సంస్థకు పోయిందా, ఇగ మన ఇద్దరికి మాటలుండయ్."

"ఇది ఏ పెట్టెల ఉండె? నేను రెండు పెట్టెలు చూసిన."

"పెట్టెల లేదు. బాపు బీరువల ఉండె. అమ్మ ఫోటోలున్న కవర్ల. ఎందుకు దాచిపెట్టిండో నాకు సమజ్ కాలె" అన్నాడు. వాడి గొంతులో కోపం లేదు. నిజంగానే అర్థం కాలేదు.

కాకా, ఫోటోలో చిన్నమ్మ చేయి ఎత్తి ఉంది. నోరు తెరిచి ఉంది. పాప ఏడుపు ముఖం పెట్టి ఆమె మెడ పట్టుకుంది. బాపు తల కొంచెం వెనక్కి తీసుకుని వింటున్నాడు. ఆయనను ఎవరైనా అంత దగ్గరగా నిలబడి నిలదీయడం నేను ఇంకే ఫోటోలోనూ చూడలేదు. పక్కన దండలు పట్టుకుని మీరు ఉన్నారు.

ఇన్నాళ్లూ దాచుకున్న మాట రాస్తున్నాను. తొంభై ఎన్నికల్లో మీరు అవతలి వాళ్లకు పనిచేసి బాపును ఓడగొట్టారని ఇంట్లో మేమందరం నమ్మాం. బాపు అలా ఎప్పుడూ అనలేదు. కాదని కూడా అనలేదు. ఆ రోజు ఏం జరిగింది? అయిపోయిన సంగతి అని మళ్లీ రాయకండి.

మాలతి


తంగళ్లపల్లి
డిసెంబరు 2001

బిడ్డ మాలతికి,

అడిగావు కాబట్టి రాస్తున్నాను.

శాంతి నగర్‌లో మా గల్లీకి నల్లా కోసం మీ బాపు ఏళ్ల తరబడి తిరిగాడు. అది అబద్ధం కాదు, వెంట నేనూ తిరిగాను. చివరికి పైపులు వేశారు. నీళ్లు మాత్రం రాలేదు. అప్పటికే తేదీ పెట్టారు, పత్రికల వాళ్లను పిలిచారు. ఏం చేయాలో తోచక ముందు రోజు ట్యాంకరు తెప్పించి గల్లీ చివర ఉన్న ట్యాంకు నింపించారు. మీ బాపు నల్లా విప్పితే నీళ్లు వచ్చాయి. చప్పట్లు కొట్టారు. లస్మవ్వ ముందుకు వచ్చి హండా పెట్టింది. సగం నిండేసరికి ధార సన్నబడి ఆగిపోయింది.

అందరూ చూడనట్టు పక్కకు జరిగారు. ఆమె జరగలేదు.

"అన్నా, రేపు నీళ్లొస్తయా?" అని అడిగింది.

"వస్తయ్ లస్మవ్వా."

"ఏడికెల్లొస్తయ్? నిన్న ట్యాంకర్ల నీళ్లు పోసుడు నా కండ్లార చూసిన. మా పోరగాండ్లు గా బాయి నీళ్లే తాగుతుండ్రు, కడుపులు కడుక్కపోతున్నయ్. ఫోటో దిగి నువ్వు పోతవ్. మేమేడికి పోవాలె?"

ఆ చేయి ఎత్తింది అప్పుడే. ఆమెను ఆపమన్నట్టు అందరూ నా వైపు చూశారు. నేను ఆపలేదు.

సాయంత్రం మీ బాపు మేముండే ఒంటిగది ఖోలీకి ఒక్కడే వచ్చాడు. లస్మవ్వ చాయ్ ఇచ్చింది, తాగాడు. "కనుకయ్యా, నీ ఇంటామె నలుగుట్ల నా ఇజ్జత్ తీసింది. రేపు ఆఫీసుకు తోల్కరా. తప్పైందని ఒక్క మాటంటే అయిపాయె" అన్నాడు.

"ఆమె అడిగిన దాంట్ల తప్పేమున్నదే అన్నా?"

"తప్పని నేనన్ననా? నలుగురి ముంగట అడిగింది."

"నల్లా గూడ నలుగురి ముంగట్నే ఇప్పినవ్ గద."

గ్లాసు కింద పెట్టి లేచిపోయాడు. మరునాటి నుంచి నేను ఆఫీసుకు పోలేదు, ఆయన పిలవలేదు. మళ్లీ సాంచాల మీదికి పోయాను. తొంభై ఎన్నికల్లో నేను ఎవరికీ పనిచేయలేదు బిడ్డా. ఓటు కూడా వేయలేదు. ఆ రోజు పొద్దంతా సాంచా నడిపాను.

లస్మవ్వ ఆ ఎన్నికలైన ఏడే పచ్చకామెర్లతో పోయింది. ఆ ఎండాకాలం మా గల్లీలో ఇంకా కొందరు పోయారు. నీళ్ల వల్లనే అని డాక్టరు అన్నాడు. మీ బాపు వచ్చాడు. అలవాటు ప్రకారం వెంట రాజమౌళి ఉన్నాడు. మీ బాపు అతన్ని గల్లీ మొదట్లోనే ఆపి, "కెమెరా ఇంటికి కొంటపో" అన్నాడు. వచ్చి నా పక్కన నేల మీద కూర్చున్నాడు. శవాన్ని లేపేదాకా కూర్చున్నాడు. ఆ తర్వాత పిల్లను ఎత్తుకుని ఇటు వచ్చేశాను.

ఆయన మీద కోపంతో కర్మలకు రాలేదని అనుకోకు. కోపం ఎప్పుడో పోయింది. అంత దూరం వచ్చి ఆ ఇంట్లో నిలబడి మంచిమాటలు చెప్పే ఓపిక లేకపోయింది.

ఫోటో మాకు పంపు చాలు. సంస్థకు ఇవ్వకు. నువ్వు ఆ ఇంట్లో ఉండాలి.

కనుకయ్య


వరాలా తలావ్, భివండి
జనవరి 2002

కనుకయ్య కాకకు,

మీరు వద్దన్నారు కానీ ఇచ్చాను.

మీ ఉత్తరం చదివాక రెండు రోజులు ఏమీ చేయలేదు. మూడో రోజు బడి నుంచి అటే రాజమౌళి దగ్గరికి వెళ్లి ఫోటో ముందు పెట్టాను. రీలు లేకపోయినా దాన్నే మళ్లీ ఫోటో తీసి పెద్దది చేసి ఇస్తానన్నాడు. దీపం కింద పెట్టి చాలాసేపు చూశాడు. "ఇది కడిగి తెచ్చినప్పుడు సాహెబ్ చింపేస్తడనుకున్న బిడ్డా. చూసి, 'మంచిగ కొట్టినవ్ రాజమౌళీ' అన్నడు. జేబుల పెట్టుకున్నడు. మల్లెన్నడు దాని మాట ఎత్తలే" అన్నాడు.

బాపు దాన్ని ఎందుకు దాచుకున్నాడో నేను చెప్పలేను. మంచివాడా కాదా అని ఇన్ని ఫోటోలు ముందేసుకుని ఆలోచించాను. ఇంక ఆలోచించలేను. నీళ్లు ఆ తర్వాత ఎప్పటికో వచ్చాయి, బాపు ఓడిపోయాక. అది కూడా కనుక్కున్నాను.

ఫోటో వెనక ఇలా రాశాను: శాంతి నగర్, నల్లా ప్రారంభోత్సవం, 1988. నీళ్లు ఎందుకు ఆగాయని ఎమ్మెల్యే హనుమాండ్లును అడుగుతున్న లస్మవ్వ. చంకలో కూతురు దీపాలి. పక్కన భర్త కనుకయ్య. తప్పులుంటే చెప్పండి, సంస్థకు మళ్లీ రాస్తాను.

పద్మనగర్ హాలులో ప్రదర్శన జరిగింది. ఈ ఫోటో అక్కడ పెట్టలేదు, అంతవరకు భూషణ్ మాట ఉంచాను. జనం బాగానే వచ్చారు. బాపును ఎవరూ ఎక్కువ చూడలేదు. అందరూ తమను తాము వెతుక్కున్నారు. పోచవ్వ కర్ర పట్టుకుని వచ్చింది. మోర్చా ఫోటో ముందు నిలబడి, "గీమె ఎవలు? నేనేనా?" అని పక్కవాళ్లను అడిగింది. ఎంత చెప్పినా నమ్మలేదు. చివరికి భూషణే చేయి పట్టుకుని, "నువ్వే పెద్దవ్వా" అన్నాడు.

పెట్టెలు ముంబై పోయాక నేనే వాడికి చెప్పాను. అరుస్తాడనుకున్నాను. అరవలేదు. "అన్న మాట ప్రకారం నడుచుకుంట" అన్నాడు. నడుచుకుంటున్నాడు. పై అంతస్తులో పొయ్యి పెట్టుకుని ఒక్కదాన్నే వండుకుంటున్నాను. వాడి పిల్లలు మెట్ల దాకా వచ్చి ఆగిపోతారు. ఎన్నికలు అయ్యాక మారతాడేమో. మారకపోవచ్చు కూడా.

మీ గురించి ఇన్నేళ్లు తప్పుగా అనుకున్నాను కాకా. ఫోటో రిజిస్టర్ పోస్టులో వస్తోంది.

మాలతి


తంగళ్లపల్లి, సిరిసిల్ల
ఫిబ్రవరి 2002

బిడ్డ మాలతికి కనుకయ్య, దీపాలి రాసుకున్నది.

ఫోటో అందింది. కవరు దీపాలే విప్పింది. నేను కొంచెం దూరంగా కూర్చున్నాను. చాలాసేపు చూసి, "గింత కోపమా అమ్మకు?" అంది. అప్పుడు దగ్గర పెట్టుకుని చూశాను. నేను మరిచిపోయిన ముఖం అది. పొడుగు, చామనఛాయ అని ఇన్నేళ్లు చెప్పినదాంట్లో ఆమె లేనే లేదు. నువ్వు రాసిన దాంట్లో తప్పేమీ లేదు. అలాగే ఉంచు.

ఎందుకంత కోపమని దీపాలి అడిగితే నీకు రాసినదంతా దానికీ చెప్పాను. ఇంతకుముందు చెప్పలేదు. విని, లేచి వెళ్లి ముఖం కడుక్కుని వచ్చింది.

మరునాడు ఇద్దరం సిరిసిల్ల బజారుకు పోయి ఫ్రేము కట్టించాం. దుకాణంలో ఫోటో చూసి ఆయన, "తల్లి ఫోటోనా? మరి గీ దండలేసుకున్నాయిన ఎవలు? మధ్యలకెల్లి కోస్తే ఆమె ఒక్కతే వస్తది, మంచిగుంటది" అన్నాడు.

దీపాలి ఫోటో మీద చేయి అడ్డం పెట్టింది.

"కొయ్యొద్దు. ఆయిన లేకుంటే మా అమ్మ ఎవలనడుగుతున్నట్టు?" అంది.

మొత్తం ఫోటోకే ఫ్రేము కట్టించాం. ఇంట్లో తలుపుకు ఎదురుగా పెట్టాం. వచ్చినవాళ్లు ఎవరని అడుగుతున్నారు, దీపాలి చెప్తోంది. ఆ మూలన దండలు పట్టుకుని నేను ఉన్నానని మాత్రం ఎవరూ గుర్తుపట్టడం లేదు.

ఒక్కదానివే వండుకుంటున్నావని రాశావు. బడి సెలవులు ఇవ్వగానే ఇటు రా. మా దగ్గర మరీ మంచి తిండి లేదు కానీ ముగ్గురం కూర్చుని తినొచ్చు. నువ్వు వచ్చే రోజు ముందుగా రాస్తే దీపాలి, నేను బస్టాండుకు వస్తాం.

కనుకయ్య